దూర ప్రయాణాల బైక్‌కు కొత్త టైర్లు ఎంచుకోవడం ఎలా?

బైక్ కొన్నప్పుడు టైర్లను ఎంచుకునే అవకాశం మనకు ఉండదు. కంపెనీ ఏవి బిగించి ఇస్తే వాటితోనే కొన్ని వేల కిలోమీటర్లు తిరుగుతాము. అవి అరిగిపోయిన తరువాతే ఆ నిర్ణయం మొదటిసారిగా మన చేతికి వస్తుంది. చాలామంది దానిని దుకాణంలో నిలబడి, అక్కడ ఆ రోజు దొరికే రెండు మూడు రకాలలో ఒకదానిని చూపించి ముగించేస్తారు. ఊళ్లోనే తిరిగే బైక్‌కు అలా చేసినా పెద్ద నష్టం ఉండకపోవచ్చు గాని, వెనక ఒక మనిషి, రెండు పక్కలా సంచులు పెట్టుకుని రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపే బైక్‌కు మాత్రం కొంత లెక్క, కొంత ఆలోచన అవసరం.

ఇక్కడ చెప్పేది 350 నుంచి 650 సీసీ వరకు ఉన్న, మన రోడ్ల మీద దూర ప్రయాణాలకు ఎక్కువగా వాడే బైక్‌ల గురించి. లెక్కలకు ఒక ఉదాహరణ ఉండాలి కాబట్టి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411ను తీసుకున్నాను. దానికి ముందు టైర్ 90/90-21, వెనక టైర్ 120/90-17. మీ బైక్ వేరైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రమే మారతాయి.

మొదటి దశ: పాత టైర్‌ను పరీక్షించండి

కొత్త టైర్ గురించి ఆలోచించే ముందు పాతది ఎలా అరిగిందో చూడాలి. బైక్‌ను సెంటర్ స్టాండ్ మీద నిలిపి చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ గాడుల అడుగు భాగాన్ని గమనించండి. సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) మీద చిన్న త్రిభుజం గాని, అరుగుదల గుర్తును సూచించే టీడబ్ల్యూఐ అనే అక్షరాలు గాని ఉన్న చోటికి ఎదురుగా గాడిలో ఒక చిన్న రబ్బరు గట్టు అడ్డంగా కనిపిస్తుంది. మోటార్ సైకిల్ టైర్లలో అది సాధారణంగా 0.8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైర్ ఆయుష్షు తీరిపోయినట్టే. అయితే దూర ప్రయాణానికి బయలుదేరే బైక్ విషయంలో నేను అంతవరకు ఆగమని చెప్పను. వెనక టైర్ గాడి లోతు నడుమ భాగంలో రెండు మిల్లీమీటర్లకు దిగితే, ముఖ్యంగా ముందు వానాకాలం ఉంటే, అప్పుడే మార్చడం మేలు. గాడి నీటిని పక్కలకు పంపగలిగినంత వరకే తడి రోడ్డు మీద రబ్బరు నేలను పట్టుకుంటుంది. ఆ లోతు తగ్గిన కొద్దీ టైర్ ఇంకా తక్కువ వేగంలోనే నీటిపొర మీదికి ఎక్కి జారుతుంది.

ఎంత అరిగిందన్నదానితో పాటు ఎలా అరిగిందన్నది కూడా చూడండి. వెనక టైర్ నడిమి భాగం మాత్రమే చదునుగా అరిగి, అంచులు కొత్తవాటిలాగే ఉంటే మీరు ఎక్కువగా తిన్నని హైవేల మీద నడిపారని అర్థం. అలాంటి టైర్‌తో ఘాట్ రోడ్డు మలుపులో బైక్‌ను వంచేటప్పుడు చదునైన భాగం అంచు దగ్గర ఒక్కసారిగా ఒరిగినట్టు అనిపిస్తుంది, నిండా గుండ్రంగా ఉన్న టైర్ ఇలా చేయదు. ముందు టైర్ మీద అరచేయి అటూ ఇటూ జరిపి చూసినప్పుడు ఒక వైపు నునుపుగా, మరో వైపు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే గాలి తక్కువగా ఉంచి నడిపి ఉండవచ్చు, లేదా ముందు సస్పెన్షన్‌లో గాని, చక్రం బ్యాలెన్స్‌లో గాని లోపం ఉండవచ్చు. ఆ కారణాన్ని సరిచేయకుండా కొత్త టైర్ వేస్తే అదీ అలాగే పాడవుతుంది.

సైడ్‌వాల్ మీద వెంట్రుకవాసి పగుళ్లు, ఉబ్బు, దారాలు బయటపడిన కోత, అంచు దగ్గర వేసిన పంచర్ కనిపిస్తే గాడి ఎంత మిగిలినా ఆ టైర్‌ను దూరానికి తీసుకెళ్లకూడదు. వయసు సంగతి కూడా ఉంది. అయిదేళ్లు దాటిన టైర్‌ను ఏటా నిపుణుడికి చూపించాలనీ, పదేళ్లు నిండితే చూడటానికి ఎంత బాగున్నా తీసేయాలనీ కంపెనీలు చెబుతాయి. ఇంటి ముందు ఎండలో నిలిపే బైక్ అయితే రబ్బరు గట్టిపడటానికి అంతకాలం కూడా పట్టదు.

రెండో దశ: సైడ్‌వాల్ మీది రాతను చదవడం నేర్చుకోండి

హిమాలయన్ వెనక టైర్ మీద 120/90-17 ఎం/సి 64ఎస్ అన్నట్టుగా ఉంటుంది. ఇందులో 120 అంటే టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో, 90 అంటే ఆ వెడల్పులో టైర్ ఎత్తు శాతం, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాలలో. రిమ్ అంకెకు ముందు చిన్న గీత గాని, బి అక్షరం గాని ఉంటే అది బయాస్ కట్టుబడి టైర్, ఆర్ ఉంటే రేడియల్. ఎం/సి అంటే మోటార్ సైకిల్ రిమ్‌కు సరిపడేదని గుర్తు. టీఎల్ అంటే ట్యూబ్‌లెస్, టీటీ అంటే ట్యూబ్‌తో వాడవలసినది.

సాధారణంగా ఎవరూ పట్టించుకోని ముక్క 64ఎస్. దూర ప్రయాణాల బైక్‌కు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. 64 అనేది ఆ టైర్ మోయగల గరిష్ఠ బరువును సూచించే సంఖ్య. 54 అంటే 212 కిలోలు, 57 అంటే 230, 61 అంటే 257, 64 అంటే 280, 65 అంటే 290, 69 అంటే 325 కిలోలు. అంకె కొద్దిగా మారినా బరువు ఎంత మారుతుందో ఇందులోనే కనిపిస్తుంది. చివరి అక్షరం ఆ బరువుతో టైర్ తట్టుకోగల గరిష్ఠ వేగం: పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, క్యూ 160, ఎస్ 180, హెచ్ 210, వి 240. మన హైవేల మీద ఎవరూ ఆ వేగాలకు వెళ్లకపోయినా, అక్షరం సూచించే వేగం పెరిగిన కొద్దీ ఆ టైర్ ఎక్కువ వేడిని తట్టుకునేలా తయారైందని గ్రహించాలి.

ఇప్పుడు మీ బైక్ లెక్క మీరే వేసుకోండి. బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) హిమాలయన్ ఇంధనంతో కలిపి 199 కిలోలు. నడిపేవారు 75, వెనక కూర్చునేవారు 65, సంచులూ వాటిని తగిలించే ఇనుప ఫ్రేములూ కలిపి 30 కిలోలు అనుకుంటే మొత్తం 369 కిలోలు అవుతుంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు బరువు రెండు చక్రాలకూ కాస్త అటూ ఇటూగా సమానంగా పంచుకుపోతుంది గాని, రెండో మనిషీ సామానూ చేరిన తరువాత పెరిగిన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. మూడింట రెండు వంతులు వెనకే పడుతుందనుకుంటే 246 కిలోలు. 64 సంఖ్య ఉన్న టైర్‌కు ఇంకా 34 కిలోల వెసులుబాటు ఉంటుంది. అదే ధర తక్కువని 57 సంఖ్య ఉన్న టైర్ వేస్తే మోయగలిగినదానికంటే 16 కిలోలు ఎక్కువ మోపినట్టు. 61 వేస్తే అంకెల్లో సరిపోయినట్టే కనిపిస్తుంది గాని, గుంతలో దిగినప్పుడు పడే అదనపు భారానికి చోటు మిగలదు. పైగా ఈ బరువులన్నీ టైర్‌లో నిర్ణయించినంత గాలి ఉన్నప్పుడే చెల్లుతాయి.

సూత్రం ఒక్కటే: కంపెనీ ఇచ్చిన టైర్ మీద ఉన్న బరువు సంఖ్యకు గాని, వేగం అక్షరానికి గాని తక్కువదానిని ఎన్నడూ తీసుకోకండి. ఎక్కువదైతే ఇబ్బంది లేదు.

మూడో దశ: సైజు మార్చాలనే కోరికను లెక్కతో కొలవండి

వెనక టైర్ కొంచెం వెడల్పుగా ఉంటే బైక్ హుందాగా కనిపిస్తుందని చాలామంది మార్చాలనుకుంటారు. వెడల్పు పెరిగితే పట్టు తప్పనిసరిగా పెరుగుతుందన్న నమ్మకం నిజం కాదు. ప్రతి టైర్‌నూ నిర్ణీత వెడల్పు గల రిమ్ కోసం తయారుచేస్తారు. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైర్ ఎక్కిస్తే దాని అంచులు లోపలికి ముడుచుకుపోయి నడిమి భాగం మరీ గుండ్రంగా తేలుతుంది. మలుపుల్లో బైక్ ప్రవర్తన మారుతుంది, నడిమి భాగం త్వరగా అరుగుతుంది. చెయిన్‌కూ టైర్‌కూ మధ్య, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ లోపలి వైపు, మడ్‌గార్డ్ కింద ఎంత ఖాళీ ఉందో చూడకుండా మార్చితే, సామానుతో సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు రబ్బరు రాసుకుంటుంది.

మార్చడం తప్పనిసరైన సందర్భాలూ లేకపోలేదు. హిమాలయన్ 411కు వెనక 120/90-17 సైజులో దొరికే రకాలు తక్కువ. కేటీఎం 390 అడ్వెంచర్‌కు వచ్చే 130/80-17 సైజులో రకాలు ఎక్కువ. అందువల్ల కొందరు దానికి మారతారు. వ్యాసం ఎంత మారుతుందో చూద్దాం. 120లో 90 శాతం 108 మిల్లీమీటర్లు. రిమ్‌కు పైనా కిందా కలిపి 216, రిమ్ వ్యాసం 431.8, మొత్తం 647.8 మిల్లీమీటర్లు. 130లో 80 శాతం 104, రెండింతలు 208, మొత్తం 639.8. తేడా ఎనిమిది మిల్లీమీటర్లు, అంటే ఒక శాతం పైచిలుకు. ఇది పెద్ద మార్పు కాదు. ఇంటర్‌సెప్టర్ 650కి 130/70-18 తీసి 140/70-18 వేస్తే వ్యాసం 639.2 నుంచి 653.2కు, అంటే రెండు శాతానికి పైగా పెరుగుతుంది. బైక్ వెనక భాగం కొద్దిగా లేస్తుంది, గేర్ల నిష్పత్తి కొద్దిగా మారుతుంది. వ్యాసంలో తేడా రెండు మూడు శాతం దాటితే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ముందు వెనక చక్రాల వేగాలను పోల్చే లెక్క మీద కూడా ప్రభావం పడవచ్చు. టైర్ కంపెనీ తన పట్టికలో మీ రిమ్ వెడల్పుకు ఆ సైజును అనుమతించిందో లేదో చూసిన తరువాతే ముందుకు వెళ్లండి. అనుమానం ఉంటే పాత సైజులోనే ఉండండి. బీమా క్లెయిమ్ వేళ వాదనలకు అవకాశం లేకపోవడం కూడా ఒక లాభమే.

నాలుగో దశ: మీరు నిజంగా తిరిగే రోడ్లను లెక్కించండి

అసలు ఎంపిక ఇక్కడే జరుగుతుంది, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. లద్దాఖ్ యాత్ర ఫొటోలు చూసి పెద్ద పెద్ద రబ్బరు గడ్డలున్న టైర్లను కొని, వాటితో ఏడాది పొడవునా హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబర్ జాతీయ రహదారి మీద తిరిగేవారు ఉన్నారు. అలాంటి టైర్‌లో గడ్డల మధ్య ఖాళీలు ఎక్కువ కాబట్టి మట్టిలో, ఇసుకలో, వదులు కంకరలో బాగా కరచుకుంటుంది. తారు రోడ్డు మీద మాత్రం నేలను తాకే రబ్బరు తగ్గుతుంది, బ్రేకు వేసినప్పుడు ఒక్కొక్క గడ్డా వంగుతుంది, ఆ వంగడం వల్ల వేడి పుడుతుంది, వేడివల్ల రబ్బరు త్వరగా అరుగుతుంది. మే నెలలో తెలంగాణలో, రాయలసీమలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజుల్లో తారు అంతకంటే ఎంతో వేడిగా కాలుతుంటుంది. ఆ రోడ్డు మీద గంటల తరబడి నడిచే టైర్‌కు పనితనం అక్కడే ఉండాలి.

గత ఏడాది మీ ప్రయాణాలను ఒక కాగితం మీద రాయండి. ఎన్ని కిలోమీటర్లు హైవే, ఎన్ని ఘాట్ రోడ్డు, ఎన్ని పల్లె రోడ్లు, ఎన్ని మట్టిదారులు అని విడదీయండి. నూటికి తొంభై పాళ్లు తారు మీదే గడిచిందని తేలితే, మిగిలిన పది పాళ్లలోనూ వానలో బురద కాక గట్టి మట్టి, కంకర మాత్రమే ఉంటే, మీకు తగినవి తారు రోడ్డు కోసం ప్రధానంగా రూపొందించి, కొద్దిగా మట్టికి కూడా సర్దుకునే టైర్లు. ఈ తరగతి టైర్లలో గాడులు వెడల్పుగా ఉన్నా నడుమ రబ్బరు దాదాపు ఎడతెగకుండా ఉంటుంది. కేటీఎం 390 అడ్వెంచర్‌తో వచ్చిన మెట్జెలర్ టూరెన్స్ ఇటువంటిది. హిమాలయన్‌తో కంపెనీ ఇచ్చిన సియట్ గ్రిప్ ఎక్స్‌ఎల్, అపోలో ట్రాంప్లర్ ఎక్స్‌ఆర్, పిరెల్లీ ఎంటీ 60 వంటివి తారుకూ మట్టికీ మధ్య నిలబడే తరగతికి చెందుతాయి. దుకాణదారుడు ఏ పేరు చెప్పినా, ఆ టైర్ ఈ రెండు తరగతుల్లో ఏదో, లేదా పూర్తిగా మట్టిదో ముందు అడగండి. ధర గురించి తరువాత అడగవచ్చు.

మట్టిదారుల వాటా మూడో వంతు దాటితే లెక్క మారుతుంది. మారేడుమిల్లి అడవుల లోపలి దారుల్లో తరచుగా తిరిగేవారికి మధ్యస్థమైన టైర్లు అవసరం, వాటి శబ్దాన్నీ, త్వరగా అరగడాన్నీ భరించక తప్పదు. జీవితంలో ఒక్కసారి మనాలి–లేహ్ దారిలో వెళ్లాలనుకునేవారు మాత్రం ఆ ఒక్క యాత్ర కోసం గడ్డల టైర్ కొనవలసిన పని లేదు. మంచి స్థితిలో ఉన్న మధ్యస్థమైన టైర్లతో, గాలి సరిగా ఉంచుకుని, నీటి దాట్ల దగ్గర నిదానంగా వెళ్లినవారు ఎందరో ఉన్నారు.

వాన గురించి విడిగా ఆలోచించాలి. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో గాని, నల్లమల దాటి శ్రీశైలం వెళ్లే దారిలో గాని వానాకాలంలో రోడ్డు మీద ఆకులు, మట్టి, లారీల నుంచి కారిన నూనె కలిసిపోయి ఉంటాయి. తొలకరి రోజుల్లో ఎండాకాలమంతా పేరుకున్న నూనెపొర పైకి తేలుతుంది. ఇటువంటి చోట గాడుల ఆకారం ఒక్కటే సరిపోదు, రబ్బరు మిశ్రమం కూడా పనిచేయాలి. సిలికా ఎక్కువ కలిపిన రబ్బరు చల్లని, తడి రోడ్డు మీద మెరుగ్గా పట్టుకుంటుంది. చేత్తో నొక్కి చూసి ఈ సంగతి తెలుసుకోలేము, అందుకే కంపెనీ వివరాల్లో తడి పట్టు గురించీ సిలికా గురించీ ఏం చెప్పారో చదవాలి. కొన్ని టైర్లలో నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు వాడతారు. నడిమి భాగం హైవే మీద నెమ్మదిగా అరుగుతుంది, అంచులు ఘాట్ మలుపుల్లో పట్టు ఇస్తాయి. హైవే మీద దూరం వెళ్లి ఆ చివర ఘాట్ ఎక్కే మన యాత్రలకు ఇది బాగా నప్పే ఏర్పాటు.

అయిదో దశ: బయాస్ కట్టుబడా, రేడియలా?

బయాస్ టైర్ లోపలి దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అడ్డంగా పరిచి ఉంటాయి. దాని గోడలు గట్టిగా ఉండి బరువునూ గుంతల దెబ్బలనూ ఓర్చుకుంటాయి, కాని వేగం పెరిగినప్పుడు పొరల మధ్య రాపిడి వల్ల ఎక్కువ వేడెక్కుతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సూటిగా సాగి, పైన ఒక పట్టీ ఉంటుంది. అది తక్కువగా వేడెక్కుతుంది, ఎక్కువ వేగాల్లో స్థిరంగా ఉంటుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల మధ్య తిరిగే 350, 411 సీసీ బైక్‌లకు మంచి బయాస్ టైర్ ఏమాత్రం తక్కువ కాదు. 650 సీసీ బైక్ మీద పూటంతా వేగంగా వెళ్లే అలవాటు ఉన్నవారికి, ఆ సైజులో దొరికితే, రేడియల్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

ముందు ఒక రకం, వెనక మరో రకం కలపడం విషయంలో నియమం ఉంది. ముందు బయాస్, వెనక రేడియల్‌గా కంపెనీయే జత చేసి అమ్మే టైర్లు ఉన్నాయి, 21 అంగుళాల ముందు చక్రం ఉన్న బైక్‌లకు అది మామూలే. ముందు రేడియల్, వెనక బయాస్ మాత్రం వద్దు. మీ ఇష్టప్రకారం కలపకుండా టైర్ కంపెనీ జతగా సూచించినదానినే వాడటం క్షేమం.

వెనక టైర్ అరిగి, ముందుది సగం మిగిలి ఉండటం అందరికీ ఎదురయ్యేదే, ఎందుకంటే వెనకది సుమారు రెట్టింపు వేగంతో అరుగుతుంది. ముందు టైర్ అదే కంపెనీ అదే రకానిదై, వయసు తక్కువై, సమంగా అరిగి ఉంటే వెనకది ఒక్కటే మార్చవచ్చు. వెనక టైర్ రకాన్నే మార్చుతుంటే, ముఖ్యంగా తారు టైర్ నుంచి మట్టి టైర్‌కు వెళుతుంటే, రెండూ ఒకేసారి మార్చండి. ముందు చక్రం మట్టిలో జారుతూ వెనక చక్రం మాత్రమే కరచుకునే బైక్‌ను అదుపు చేయడం కష్టం. డబ్బు చాలకపోతే ఏది బాగుండాలి అని నన్నడిగితే ముందుది అంటాను. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి ఒక క్షణమైనా దొరుకుతుంది, ముందుది జారితే అది కూడా దొరకదు.

ఆరో దశ: చక్రాన్ని బట్టి ట్యూబ్ సంగతి తేల్చుకోండి

అల్లాయ్ వీల్స్ ఉంటే ట్యూబ్‌లెస్ టైర్ వేసుకుంటారు, అందులో చర్చకేమీ లేదు. హిమాలయన్ 411, క్లాసిక్ 350 స్పోక్స్ రకాల వంటివాటిలో స్పోక్స్ రంధ్రాల గుండా గాలి పోతుంది కాబట్టి ట్యూబ్ తప్పనిసరి. ట్యూబ్‌లెస్ టైర్‌ను కూడా స్పోక్స్ చక్రం మీద సరైన సైజు ట్యూబ్ పెట్టి వాడవచ్చు, అయితే టీటీ అని రాసి ఉన్న టైర్‌ను ట్యూబ్ లేకుండా వాడకూడదు.

టైర్ మార్చిన ప్రతిసారీ ట్యూబ్ కూడా కొత్తది వేయించండి. పాత ట్యూబ్ సాగి ఉంటుంది, కొత్త టైర్ లోపల మడతలు పడి ఆ మడత దగ్గరే పగులుతుంది. రిమ్ లోపల స్పోక్స్ తలలను కప్పే రబ్బరు పట్టీ చిరిగి ఉంటే అదీ మార్పించండి. కొత్త టైర్ లోపల అంటించిన కాగితపు స్టిక్కర్లను తీసేయమనండి, ట్యూబ్ వాటికి రాసుకుని కొన్ని వేల కిలోమీటర్ల తరువాత సన్నగా లీకవుతుంది. వాల్వ్‌కున్న చిన్న నట్టును రిమ్‌కు బిగించకుండా పైకి, మూత దగ్గరికి తిప్పి వదిలేయడం మంచి అలవాటు. టైర్ రిమ్ మీద జరిగితే వాల్వ్ వంగి కనిపిస్తుంది, వేరు దగ్గర తెగిపోకముందే మీరు గుర్తించవచ్చు.

ఏడో దశ: దుకాణంలో ఏం చూడాలి

సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ ముద్ర ఉంటుంది. మొదటి రెండు ఆ ఏడాదిలో వారం, చివరి రెండు సంవత్సరం. 2325 అంటే 2025లో 23వ వారం, అంటే జూన్. ఒక వైపు లేకపోతే రెండో వైపు చూడండి. ఏడాదిలోపు తయారైనదైతే నిశ్చింతగా తీసుకోండి, రెండేళ్లు దాటితే తగ్గింపు ఎంత ఇచ్చినా వద్దనండి. మన ఎండల్లో టిన్ను రేకుల గోదాములో పడి ఉన్న రెండేళ్లు చల్లని గదిలో ఉన్న రెండేళ్లతో సమానం కావు. రెండు టైర్లూ కొంటే రెండింటి తేదీలూ చూడండి.

మన దేశంలో అమ్మే మోటార్ సైకిల్ టైర్ల మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పేరు తెలియని విదేశీ టైర్ల మీద దానికోసం తప్పక వెతకండి. బిల్లు తీసుకోండి, అందులో టైర్ రకం, సైజు రాయించండి. తయారీ లోపం బయటపడితే వారంటీకి అదే ఆధారం. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, పాత పన్నుతో ఉన్న ధరను ఇంకా ఎవరైనా చెబుతుంటే ప్రశ్నించండి.

ధరను ఒక్క అంకెగా చూడకండి. నాలుగున్నర వేల రూపాయల టైర్ పన్నెండు వేల కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు ముప్పై ఏడున్నర పైసలు. ఏడున్నర వేల టైర్ పదిహేను వేలు నడిస్తే యాభై పైసలు. ఖరీదైనది ఎక్కువ దూరం నడిచినా లెక్కలో చవకైనదే గెలిచింది. ఆ పన్నెండున్నర పైసల తేడాకు తడి రోడ్డు మీద మెరుగైన పట్టు దొరుకుతుందా లేదా అన్నదే అక్కడ అడగవలసిన ప్రశ్న. దొరికితే ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

ఎనిమిదో దశ: బిగించేటప్పుడు దగ్గరుండండి

సైడ్‌వాల్ మీద చక్రం తిరగవలసిన దిశను చూపే బాణం ఉంటుంది. కొన్ని టైర్ల మీద ముందు చక్రానికి ఒక బాణం, వెనక చక్రానికి వ్యతిరేక దిశలో ఇంకో బాణం ఉంటాయి. బిగించకముందే మెకానిక్‌కు చూపించండి, బిగించిన తరువాత చెబితే అందరికీ రెట్టింపు పని. రంగు చుక్క ఉంటే అది టైర్ తేలికగా ఉన్న చోటు, దానిని వాల్వ్ దగ్గరకు తెప్పించండి. గాలి నింపిన తరువాత రిమ్ అంచు వెంట టైర్ మీద ఉండే సన్నని గీత చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒక చోట లోపలికి పోయి ఉంటే బీడ్ (రిమ్‌లో కూర్చునే టైర్ అంచు) సరిగా కూర్చోలేదన్నమాట, గాలి తీసి సబ్బునీళ్లు రాసి మళ్లీ నింపించాలి. ఇనుప లివర్లతో మాత్రమే పనిచేసే చోట అల్లాయ్ వీల్స్ గీతలు పడతాయి, యంత్రం ఉన్న దుకాణానికి వెళ్లడం మంచిది. బ్యాలెన్సింగ్ చేయించండి. ఎనభై దాటాక హ్యాండిల్‌లో వణుకు వచ్చిందంటే ముందుగా అనుమానించవలసినది దీన్నే.

వెనక చక్రం తీసి పెట్టారు కాబట్టి చెయిన్ వదులు, రెండు వైపులా గుర్తుల సమానత్వం, యాక్సిల్ నట్టు బిగువు చూడండి. ముందు చక్రం తిరిగి బిగించాక బైక్ కదిలించే ముందే బ్రేక్ లివర్‌ను నాలుగైదు సార్లు నొక్కండి. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్లు వెనక్కి జరిగి ఉంటే మొదటి నొక్కులో బ్రేకు పట్టదు.

చివరి దశ: మొదటి వందల కిలోమీటర్లు

కొత్త టైర్ ఉపరితలం నునుపుగా ఉంటుంది, తయారీలో అచ్చు నుంచి విడిపడేందుకు వాడిన పదార్థపు జాడలు కూడా ఉండవచ్చు. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పకుండా, మలుపుల్లో కొద్దికొద్దిగా వంపు పెంచుతూ నడపండి. టైర్‌కు మెరుపు రావాలని దుకాణంలో నల్లటి పాలిష్ రాస్తామంటే సైడ్‌వాల్‌కు కూడా వద్దనండి, అది నేలను తాకే భాగం మీదికి జారుతుంది. యాత్రకు బయలుదేరే ముందు రోజు టైర్లు మార్చకుండా, కనీసం ఒక వారం ముందు మార్చితే ఈ సర్దుబాటు అంతా ఇంటి దగ్గరే ముగుస్తుంది.

గాలిని ఎప్పుడూ చల్లని టైర్‌లోనే, అంటే బైక్ కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న తరువాత కొలవండి. చెయిన్‌గార్డ్ మీదనో స్వింగ్‌ఆర్మ్ మీదనో అతికించిన స్టిక్కర్‌లో ఒంటరిగా వెళ్లేటప్పుడు ఎంత, ఇద్దరు ఉన్నప్పుడు ఎంత అని విడివిడిగా ఉంటుంది. సామానుతో ఇద్దరు వెళుతుంటే రెండో అంకెనే పాటించండి. హైవే మీద గంట నడిపాక కొలిస్తే కొన్ని పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. వేడికి లోపలి గాలి వ్యాకోచించడం వల్లే అలా చూపుతుంది కాబట్టి, ఎక్కువైందని గాలి తీసేయకండి, తీస్తే మరుసటి ఉదయం తక్కువగా మిగులుతుంది. తక్కువ గాలితో బరువు మోస్తూ నడిచే టైర్ గోడలు ప్రతి తిప్పుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతాయి, మండుటెండలో టైర్లు పగలడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. పెట్రోలు బంకుల గాలి మీటర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపుతాయి కాబట్టి మీ సొంత ప్రెషర్ గేజ్ ఒకటి సంచిలో ఉంచుకోండి.

ట్యూబ్‌లెస్ అయితే పంచర్ స్ట్రిప్స్, చిన్న గాలి పంపు వెంట ఉంచుకోండి. స్ట్రిప్ నేలను తాకే భాగంలో పడిన చిన్న రంధ్రానికే పనికొస్తుంది, సైడ్‌వాల్‌లో దిగిన మేకుకు పనికిరాదు. ట్యూబ్ అయితే ముందు వెనక సైజుల ట్యూబ్‌లు ఒక్కొక్కటి, చక్రం విప్పడానికి సరిపడే పానాలు, టైర్ లివర్లు తీసుకెళ్లండి, ఇంట్లో ఒకసారి చక్రం విప్పి బిగించి చూసుకోండి. మొదటి అయిదు వందల కిలోమీటర్ల తరువాత చల్లగా ఉన్నప్పుడు గాలి, యాక్సిల్ నట్టు, స్పోక్స్ బిగువు, చెయిన్ వదులు మరొకసారి చూసి, ఆ రోజు ఓడోమీటర్ అంకెను టైర్ బిల్లు వెనక రాసి దాచండి.